బంగారు రంగు రాని మొక్క

సూరత్‌లో, ఉధ్నాలోని మా గల్లీ దగ్గర మొదలై, అటు ఇచ్ఛాపూర్ కార్మికుల గదుల దాకా, ఇటు కామ్‌రేజ్‌లో కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్ల బాల్కనీల దాకా ఒక మొక్క ఇప్పుడు కనిపిస్తోంది. చూడటానికి విచ్చుకున్న పువ్వులా ఉంటుంది కాని పువ్వు కాదు. అన్నీ ఆకులే. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు, మందంగా, లోపల నీళ్లు దాచుకుని నున్నగా ఉంటాయి. చలికాలంలో అది రంగు తిరుగుతుంది. దాని గురించి ఎవరినడిగినా ఒక కథ చెబుతారు. పుణె నర్సరీ నుంచి వచ్చిందని ఒకరు, హజీరా రేవులో ఓడ మీద దిగిందని ఒకరు. మొన్న కూరగాయల బండి దగ్గర ఒకామె నాకే చెప్పింది, దీని ఆకు నమిలితే కరోనా రాదని. నమలొద్దని మాత్రం చెప్పి వచ్చాను.

అందుకే ఇది రాసిపెడుతున్నాను. ఆ మొక్క మా ఇంటి కింది అంతస్తులో పుట్టింది. దాని పేరు ఏ పుస్తకంలోనూ లేదు, నేను వెతికాను. వెతకడం నాకు వచ్చు. ఊళ్లో ఏడో తరగతితో చదువు ఆగినా, పెళ్లై సూరత్ వచ్చాక దుకాణాల బోర్డులు చూసి గుజరాతీ అక్షరాలు నేర్చుకున్నాను. తర్వాత లైబ్రరీలో పిల్లల అర, ఆ తర్వాత పెద్దల అర. మొదటిరోజు అక్కడి లైబ్రేరియన్ నన్ను ఊడ్చడానికి వచ్చిన మనిషి అనుకుని బకెట్ ఎక్కడుందో చూపించారు. నేను బకెట్ పక్కన కూర్చుని పుస్తకం చదివాను. ఇప్పుడు కొత్త పుస్తకాలు వస్తే ఆయనే పిలిచి చూపిస్తారు. లైబ్రరీలో లేని సంగతిని ఎవరో ఒకరు రాస్తేనే కదా అది లైబ్రరీలోకి చేరేది.

మేముండే ఇంట్లో కింద వెనకవైపు సాంచాల షెడ్డు ఉంది. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. ముందువైపు ఇంటి యజమానురాలు ఉంటుంది. పైన అద్దెకున్నవాళ్లమంతా ఉత్తర తెలంగాణ నుంచి ఆ పని కోసం వచ్చినవాళ్లమే. నేను, మా ఆయన, మా అత్తమ్మ ఉండే గది అన్నిటికన్నా పైన, డాబా మీద. ఎండాకాలం పొయ్యిలో కూర్చున్నట్టు ఉంటుంది. అయినా నాకు ఇష్టమే, తలుపు తీస్తే ఎదురుగా ఆకాశం.

ఇంటామెను అందరూ బా అంటారు. గుజరాతీలో అమ్మను, నాయనమ్మను అలా పిలుస్తారు. ఆమె నన్ను దీక్రీ అంటుంది, కూతురా అని. ఏళ్లకేళ్లు మావాళ్లకే గదులు అద్దెకిచ్చి ఇచ్చి ఆమెకు మా మాట వచ్చేసింది. బడిలో నేర్చుకున్న మాట కాదు, నల్లా దగ్గర నేర్చుకున్న మాట. అందుకే మాకంటే చిక్కగా మాట్లాడుతుంది.

బాకు మందపాటి ఆకుల మొక్కలంటే పిచ్చి. ఒకసారి తన అన్న ఇంటి నుంచి తెచ్చుకున్న మొక్క పూస్తే, పుల్లకు దూది చుట్టి ఆ పుప్పొడి తీసి, తోపుడుబండి మీద కొన్న వేరే రకం మొక్క పువ్వుకు అద్దిందట. దుమ్ములాంటి విత్తనాలు వచ్చాయి. మొలిచినవాటిలో చాలావరకు చచ్చిపోయాయి. కొన్ని తల్లిలాగే వచ్చాయి. ఒక్కటి మాత్రం ఎవరిలాగానూ రాలేదు. అప్పటికే ఆమె చూపు మెల్లగా మందగిస్తోంది. అయినా ఆ ఒక్కదాన్ని కిటికీలో పెట్టుకుని ముఖం దగ్గరకు తెచ్చుకుని చూసుకునేది.

"చలిల చూడాలె దీక్రీ దాన్ని," అనేది. "పాత బంగారం ఎట్లుంటది? మా అమ్మ గాజుల లెక్క. గా రంగు వస్తది. అంచులకు ఇటుక పొడి అద్దినట్టు."

నేను ఆ రంగులో దాన్ని చూడలేదు. అది ఆమె కిటికీ లోపలి వైపు ఉండేది. నా చేతికి వచ్చేసరికి ఎండాకాలం మొదలై మామూలు బూడిదాకుపచ్చకు తిరిగింది. నా చేతికి ఎందుకు వచ్చిందంటే, బా కళ్లలో శుక్లాలు బాగా ముదిరిపోయాయి. కొడుకు ఆపరేషన్‌కు రోజు మాట్లాడి వచ్చాడు. ఆమె కొంగు కింద పెట్టుకుని ఆ కుండీని మెట్లెక్కి తెచ్చింది, మధ్యలో రెండుచోట్ల కూర్చుని.

"నీ దగ్గర పెట్టు. కింద ఉంటె కనవడక నేనే తొక్కుత. కట్టు ఇప్పినంక ఫస్టు దీన్నే చూస్త. నా కొడుకు మొఖం తర్వాత చూస్త, అది నాకు తెలిసిందే."

"విత్తనాలు దాచినవా బా?" అన్నాను.

"దాస్తె ఏం ఫాయిదా? ఇసొంటిది మళ్ల రాదు. ఒక్కటే ఉన్నది."

ఆమె మాట నిజమే. నేను అప్పుడే లైబ్రరీ నుంచి తెచ్చుకున్న తోటపని పుస్తకంలో కూడా అదే ఉంది. రెండు జాతులు కలిసి పుట్టిన మొక్క విత్తనం వేస్తే ఆ మొక్కే మళ్లీ రాదు. అన్నదమ్ముల్లా ఏవేవో వస్తాయి. ఆ కుండీలో ఉన్నది పోతే లోకంలో ఆ రంగు పోయినట్టే.

కొద్దిరోజులకే కరోనా వచ్చి అన్నీ మూతపడ్డాయి. సాంచాలు ఆగాయి. లైబ్రరీ మూసేశారు, పుస్తకం నా దగ్గరే ఉండిపోయింది. కంటి ఆసుపత్రివాళ్లు మామూలు ఆపరేషన్లు ఇప్పుడు చేయం అన్నారు.

సాంచాలు ఆగిన మొదటి ఉదయం నాకు చెవులు పోయాయనుకున్నాను. సూరత్‌కు వచ్చినప్పటి నుంచి మా నిద్ర, మా వంట, మా గొడవలు అన్నీ ఆ చప్పుడు లోపలే జరిగాయి. గిన్నెలో నీళ్లు పోస్తే నీటి మీద సన్నని ముడతలు ఎప్పుడూ కదులుతుండేవి. ఆరోజు గిన్నెలో నీళ్లు అద్దంలా నిలబడ్డాయి. నేను వాటిని చూస్తూ ఉండిపోయాను. మధ్యాహ్నాలు పొడవయ్యాయి. డాబా గోడ నీడ నేల మీద జరగడం కంటికి కనిపించేది. స్టేషన్ వైపు నుంచి రైలు కూత లేదు. ఎక్కడి నుంచో చిలకలు వచ్చి టీవీ తీగ మీద వాలేవి. నేను తోటపని పుస్తకం ఒళ్లో పెట్టుకుని, చదివిన పేజీనే మళ్లీ చదువుతూ, ఆకు లోపల నీళ్లు ఎలా ఉంటాయో, అక్కడ కూడా ఇంత నిశ్శబ్దంగా ఉంటుందా అని ఆలోచిస్తూ నిద్రలోకి జారిపోయేదాన్ని.

అలా ఒక ఉదయం కళ్లు తెరిస్తే అత్తమ్మ చెంబుతో కుండీ దగ్గర వంగి ఉంది.

"అత్తమ్మా, ఏం పోస్తున్నవ్?"

"గంజి. అన్నం వార్చింది పారవోస్తమా?"

"ఎప్పటిసంది పోస్తున్నవ్?"

"సాంచాలు బందైనకాడికెల్లి. నువ్వు బుక్కు వట్టుకొని కూసుంటివి, దాని మొఖం జూసెటోళ్లు లేకపాయె. గంజి వడ్తె సన్న పోగే గట్టివడ్తది, గిదెంత?"

ఊళ్లో చేతిమగ్గం ఉన్న రోజుల్లో పడుగుకు గంజి పెట్టడం అత్తమ్మ పని. పోగు ఎండితే తెగుతుంది, తడి ఉంటే నిలబడుతుంది, గంజి పడితే బలమొస్తుంది. ఆమె చేతులకు తెలిసిన వైద్యం అది. నేత ఇంట్లో పుట్టినవాళ్లకు తప్ప ఇంకెవరికీ ఆ ఆలోచన రాదు. కాని ఈ మొక్కకు తడే విషం. పుస్తకంలో మొదటి పాఠం అదే. నేను వేలితో ఆకును తాకితే అది కదిలింది. అడుగు ఆకులు గాజులా తేటబడి ఉన్నాయి. మొదలు నల్లబడింది. పైకెత్తితే పులిసిన పిండి వాసనతో మొక్క మొత్తం చేతిలోకి వచ్చేసింది, వేళ్లు కుండీలోనే ఉండిపోయాయి.

దాన్ని స్టీలు పళ్లెంలో పెట్టుకుని కిందికి దిగాను. నా వెనక అత్తమ్మ. బా పళ్లెం ఒళ్లో పెట్టుకుని వేళ్లతో తడిమింది, వాసన చూసింది.

అత్తమ్మే నోరు విప్పింది. "నేనే బా. గంజి వోసిన. మంచిగైతదనుకున్న."

"గంజా? నా మొక్కతోని చీర నేద్దామనుకున్నవానే?" అంది బా.

అత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"పైన ఆకులు ఇంకా గట్టిగ ఉన్నయ్ బా," అన్నాను. "ఆకు నుంచి మొక్క వస్తదట. విత్తనం లెక్క కాదు. ఆకు నుంచొస్తే అచ్చం అదే వస్తదని పుస్తకంల ఉన్నది."

"నేను ఎన్నడు ఆకు పీకలే. ఒక్కటే ఉండె. పీకబుద్ధి కాలే." పళ్లెం నా వైపు జరిపింది. "నీ బుక్కు మీద నాకు నమ్మకం లేదు. నీ మీదున్నది. పో."

ఆకును విడదీయడం చూసినంత తేలిక కాదు. మొదలుతో సహా పూర్తిగా ఊడిరావాలి. మొదలు కాండానికే ఉండిపోతే ఆ ఆకు ఎన్నాళ్లున్నా వట్టి ఆకే. నేను లాగితే మొదటివి సగానికి తెగాయి. మా ఆయన అప్పటికి పనిలేక గది గుమ్మంలో కూర్చుని చేతులు చూసుకుంటూ ఉండేవాడు.

"లాగకే. అటూ ఇటూ జరుపు, అదే వస్తది," అని తీసుకుని, చిక్కుపడ్డ పోగును విప్పినట్టు ఎడమకూ కుడికీ మెల్లగా ఊపాడు. టక్కుమని చిన్న చప్పుడు. మొదలు నిండుగా వచ్చింది. మిగిలినవన్నీ అలాగే తీశాడు, పిల్లల పళ్లు ఊడదీసినంత జాగ్రత్తగా.

తర్వాత నేను వాటిని పాత పేపర్ మీద, నీడలో, నీళ్లు లేకుండా పరిచాను. గాయం ఎండి పొక్కు కట్టాలి, ఆ తర్వాతే ఇసుక మీద పెట్టాలి. అత్తమ్మకు ఇది చూడటం కష్టమైంది.

"నేను తాపి సంపిన. నువ్వు ఎండవెట్టి సంపుతున్నవ్," అనేది. రోజూ పొద్దున్నే దూరం నుంచే అడిగేది, "ఏమన్న తిన్నయా అవి?" అని.

ఆ రోజుల్లోనే గల్లీ ఖాళీ అయిపోయింది. గదులకు తాళాలు పడ్డాయి. దొరికిన బండెక్కి, దొరకనివాళ్లు నడిచి ఊళ్లకు పోతున్నారు. మా ఆయనకు రైలు దొరికే దారి కనబడింది. బట్టలు మూటకట్టాడు. నేను పేపర్ మీది ఆకుల వైపు చూశాను, అంతే. అత్తమ్మ మాత్రం గడప దాటనంది.

"నేను రాను. బా మొక్కను సంపినోళ్లు రాత్రికి రాత్రి ఉరికిర్రని అనరా?"

"గల్లీల అనెటోళ్లు ఎవ్వలున్నరే అవ్వా, అందరు పాయిరి," అన్నాడు మా ఆయన.

"బా ఉన్నది గదా."

మూట విప్పేశాడు. అలా ఉండిపోయాం.

ఒక మధ్యాహ్నం వంగి చూస్తే ఒక ఆకు మొదట్లో దారంలా ఏదో వేలాడుతోంది. గులాబీ రంగు. ఎవరో కుట్టడానికి సూది ఎక్కించి మరిచిపోయినట్టు. వేరు అది. ఇంకొన్నాళ్లకు దాని పక్కన నువ్వుగింజంత పిలక. అద్దం పెట్టి చూస్తే ఆ నువ్వుగింజలో అప్పటికే ఆకులు, ఒకదాని మీద ఒకటి, పెద్ద మొక్క ఎలా ఉండేదో అచ్చం అలా. నేను దాని ముందు బోర్లా పడుకుని చూస్తూ ఉండేదాన్ని. అంత చిన్నదాంట్లో అంత ఓపికైన పని జరుగుతుంటే లోకంలో ఇంకేమీ జరగనట్టు ఉండేది. పిలక పెరిగేకొద్దీ తల్లి ఆకు ముడతలు పడి పల్చబడుతుంది. తన నీళ్లన్నీ దానికి ఇచ్చేస్తుంది. పూర్తిగా ఎండి అదే రాలేదాకా తీయకూడదు. ఈ సంగతులన్నీ బాకు కిందికి వెళ్లి చదివి వినిపించేదాన్ని, గుజరాతీలో. నా ఉచ్చారణకు ఆమె నవ్వేది, కాని ఆపేది కాదు.

వానాకాలం కొన్నిటిని తీసుకెళ్లింది. సూరత్ గాలిలో అప్పుడు ఉప్పు డబ్బా కూడా కరిగిపోతుంది. తెల్లని బూజు పట్టినవి పక్కకు తీస్తూ, మిగిలినవాటిని రేకు కిందికి మార్చాను. అప్పుడే సాంచాలు మళ్లీ మొదలయ్యాయి. మా ఆయన తేలికపడ్డాడు. అయితే చప్పుడుతో పాటు అదురు కూడా వచ్చింది. పొద్దున పెట్టిన చోట సాయంత్రానికి ఆకులు ఉండేవి కావు. ఇసుక మీద మెల్లగా నడుచుకుంటూ పళ్లెం అంచుకు చేరేవి, సన్నని వేళ్లు పైకి లేచిపోయి. కింద బొంత వేసినా ఆగలేదు. నా పుస్తకంలో దీనికి ఏ మాటా లేదు. ఆ రాసినాయన సాంచాల మీద కాపురముండి ఉండడు.

అత్తమ్మ రెండు పూటలు చూసి, షెడ్డు నుంచి తెగిన పోగుల చిక్కు తెప్పించింది. దాన్ని పేని, అల్లి, ఒక ఉట్టి కట్టింది. గది కొక్కేనికి వేలాడదీసి పళ్లెం అందులో పెట్టింది. నేల అదిరినా ఉట్టి అదరలేదు. కిటికీ గాలికి కాస్త ఊగేది, అంతే. రంగురంగుల పోగుల మధ్య ఆ చిన్న మొక్కలు గాలిలో తేలుతున్నట్టుండేవి. అన్నం తింటూ తలెత్తితే అవే.

"ఇప్పుడు తినవెట్టనా?" అంది అత్తమ్మ.

"వద్దు," అన్నాం మా ఆయనా నేనూ.

మొదటి చలికాలం వచ్చింది. మొక్కలు రూపాయి బిళ్లంత అయ్యాయి. రంగు రావాలంటే వాటికి సుఖం తగ్గించాలని చదివాను. నీళ్లు తగ్గించాలి, ఎండ పెంచాలి, రాత్రి చలికి బయట ఉంచాలి. రంగంటే వాటికి అది ఎండకు అడ్డుపెట్టుకునే కొంగు లాంటిది. నేను ఉట్టిలోంచి దించి డాబా పిట్టగోడ మీద పెట్టాను. మెల్లగా ఆకుల కొనలు మారాయి. కాని వస్తున్నది బంగారం కాదు. ఆకు మధ్యలో తెల్లవారుజాము పొగమంచులాంటి నీలిబూడిద, అంచుకు గులాబీ.

బా ప్రతి పొద్దూ మెట్ల కింద నుంచి అడిగేది. "వచ్చిందా, బంగారం?"

"గులాబీ వస్తున్నది బా."

"గులాబీనా? నాది గులాబీ కాదు గద." కాస్త ఆగి, "ఇంకా చలి పడలేదేమో," అనేది.

ఆమె కొడుకును అడిగాను, దాని రంగు ఏమిటని. "ఎర్రగా ఏదో ఉండేది," అన్నాడు. మా ఆయన్ని అడిగితే, "మొక్క రంగే," అన్నాడు. ఇన్నేళ్లూ దాన్ని నిజంగా చూసినది బా ఒక్కతే. నేను మట్టి మార్చాను. ఇటుక పొడి కలిపాను. కొన్నిటిని పూర్తి ఎండలో, కొన్నిటిని సగం ఎండలో పెట్టాను. ఏం చేసినా గులాబీ ఇంకా గులాబీ అయింది. ఆకు నుంచి వచ్చినది తల్లికి వేరుగా ఉండదని పుస్తకం. వేరుగా ఉందని బా మాట. ఆమె కట్టు విప్పి చూసేసరికి చేతిలో వేరే మొక్క పెడతానా అన్న భయం నాకు పట్టుకుంది. అచ్చం అదే వస్తదని ఆమెకు మాట ఇచ్చినదాన్ని నేనే.

ఆపరేషన్‌కు మళ్లీ రోజు దొరికింది. అంతలోనే రెండోసారి జబ్బు ఊరినంతా కమ్మింది, ఆపరేషన్ మళ్లీ ఆగింది. ఆ ఎండాకాలం నాకే జ్వరం వచ్చింది. మా ఆయనా అత్తమ్మా కింద ఖాళీ గదిలోకి మారారు. పై గదిలో నేను, మొక్కలు. మెట్ల మీద పళ్లెం పెట్టి అత్తమ్మ చప్పట్లు కొట్టి వెళ్లేది. నేను పడుకుని తలుపులోంచి పిట్టగోడ వైపు చూస్తూ రోజులు గడిపాను. ఒళ్లు తేలిపోతూ ఉండేది. మొక్కలు దగ్గరకు వచ్చినట్టు, నా మంచం డాబా అంచు దాటి ఉధ్నా మీదుగా మెల్లగా పోతున్నట్టు ఉండేది. ఒక సాయంత్రం డాబా మీద పరదాగా కట్టిన పసుపు ప్లాస్టిక్ పట్టాలోంచి ఎండ దిగింది. మొక్కలన్నీ ఒక్కసారిగా బంగారమయ్యాయి. పాత బంగారం. అంచులు ఇటుక రంగు. నేను బాకు ఫోన్ చేసి చెప్పాను, వచ్చిందని. పొద్దున లేచి చూస్తే గులాబీ కూడా లేదు. ఎండాకాలపు బూడిదాకుపచ్చ. జ్వరంలో ఏదో అన్నానని చెప్పాల్సి వచ్చింది.

"జరమొస్తె నాకు ఫోను చేసినవు చూడు, గదే సాలు," అంది బా.

రెండో చలికాలానికి మొక్కలు అరచేతంత అయ్యాయి. ఆసుపత్రి తెరిచారు. బాకు ముందు కుడికంటికి చేశారు. వైద్యుడు చెప్పిన రోజులు ఆమె కిందే ఉండి, నల్లద్దాలు పెట్టుకుని ఒక పొద్దున కొడుకు చేయి పట్టుకుని పైకి వచ్చింది. అన్నిటికన్నా పెద్దదాన్ని మట్టి కుండీలో పిట్టగోడ మీద పెట్టి ఉంచాను. అది ఆరోజు నేను చూసినంతలో ఎన్నడూ లేనంత అందంగా ఉంది. నీలిపొగ మీద గులాబీ గీత. బంగారం జాడ లేదు.

బా అద్దాలు తీసింది. వంగింది. మేమందరం చుట్టూ చేరాం.

"ఇది ఎవ్వలది?" అంది.

"నీదే బా. నీ మొక్క ఆకులకెల్లి వచ్చిందే."

"నాది గిట్లుండదు." ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు ఎక్కువ నొప్పి. "మంచిగనే ఉన్నది. శానా మంచిగున్నది. కాని నాది కాదు దీక్రీ."

పుస్తకంలో చదివినదంతా చెబుదామనుకున్నాను. కుండీని ఆమె వైపు ఇంకాస్త జరిపాను. అత్తమ్మ గోడ పట్టుకుని కూర్చుండిపోయింది.

అప్పుడు ఎండ కొత్త కంటికి గుచ్చుకుని నీళ్లు కారాయి. బా అరచేత్తో ఆ కన్ను మూసుకుంది. రెండో కంటితో మొక్క వైపు తిరిగింది. అలాగే ఆగిపోయింది. ముఖం ఇంకా దగ్గరకు తెచ్చింది, తన కిటికీ దగ్గర చూసుకునేప్పటిలాగా. చేయి తీసింది. ఈసారి పాత కన్ను మూసి కొత్త కంటితో చూసింది. మళ్లీ చేయి మార్చింది.

"ఏమాయె? కన్ను గుంజుతున్నదా?" అంది అత్తమ్మ.

"ఆగవే జర."

చేయి అటూ ఇటూ మారుతూనే ఉంది. చివరికి ఆమె తన కొంగు పట్టుకుని ఎత్తి చూసుకుంది. "ఇదేంది, నేను తెల్ల చీర కట్టుకున్ననా? మీగడ రంగు అనుకున్న." సున్నం గోడను చూసింది. ఆకాశాన్ని చూసింది. మెల్లగా పిట్టగోడ పక్కన కూర్చుంది.

"ఈ కంటికి నాదే," అంది, ఎడమకంటిని వేలితో తాకి. "అచ్చం నా బంగారం. ఆ కంటికేమో ఎవ్వలదో."

కొడుకుకు ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. తర్వాత లైబ్రరీ తెరిచాక ఆరోగ్యం అరలో వెతికి చదివాను. కంట్లో శుక్లం ముదిరేకొద్దీ అది లోకం మీద పసుపు, గోధుమ రంగుల పొర కప్పుతుందట. మనిషికి తెలియదు, ఏళ్లు పడుతుంది కాబట్టి. ఆ మొక్క పుట్టినప్పటికే బా కళ్లలో ఆ పొర ఉంది. నీలిపొగ ఆమెకు బంగారంగా, గులాబీ ఆమెకు ఇటుకగా కనిపించాయి. ఆరోజు డాబా మీద ఆమె ఇవేవీ చదవకుండానే తెలుసుకుంది.

"అంటె మీరందరు చూసిండ్రు దాన్ని," అంది. "పుట్టిచ్చిన నేనే చూడలేదన్నట్టు."

నేను ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె నవ్వింది. నవ్వుతూనే మళ్లీ చేయి మార్చింది.

కొడుకు అన్నాడు, "వచ్చే నెల రెండో కంటికి కూడా చేయిద్దాం బా. సమానమైపోతుంది."

"ఇప్పుడే వద్దు."

"ఎందుకు?"

"దీన్ని పుట్టిచ్చినకాడికెల్లి చూసింది ఈ కన్నే గద. చలి పోయేదాంక చూడనీ."

అతను వాదించాడు. ఆమె వినలేదు. ఆ చలికాలమంతా ప్రతి పొద్దూ పైకి వచ్చి పిట్టగోడ దగ్గర పీట వేసుకునేది. ఒక కన్ను మూసి ఒకటి, అది మూసి ఇంకొకటి. పోల్చేది కాదు, ఏది బాగుందనీ అనేది కాదు. ఒకోసారి ఆ బంగారాన్ని నాకు చెప్పి చూపించాలని ప్రయత్నించేది. ఇక్కడ, ఈ మడతలో ఇంకా ముదురు, చూడు, అనేది. నేను టీ గ్లాసులోంచి చూశాను. జ్వరంలో చూసిన పసుపు పట్టా అడ్డం పెట్టుకుని చూశాను. దగ్గరగా వచ్చేది కాని అది అదే అని బా ఒప్పుకోలేదు.

ఎండలు ముదిరాక ఎడమకంటికి కూడా చేశారు. తర్వాతి చలికి మొక్కలు మళ్లీ రంగు తిరిగాయి. బా రెండు కళ్లతో చూసింది. "ఇప్పుడిది నాదే," అంది. ఆమె ఆ తర్వాత ఇంటికి ఎవరు వచ్చినా చేతిలో ఒక ఆకు పెట్టి పంపడం మొదలుపెట్టింది, లాగొద్దు, అటూ ఇటూ జరపాలె అని చెప్పి. పాత బంగారం రంగు మొక్కను చూసే కన్ను మాత్రం ఇప్పుడు ఎవరి దగ్గరా లేదు. ఒకరోజు ఆ మాటే ఆమెతో అన్నాను. ఆమె కుండీ తిప్పుతూ, "ఎట్లుండెనో నీకు చెప్పిన గద," అంది. అంతే అంది.

మా గల్లీలో ఎవరినీ పేరుతో పిలవం, వరసతోనే పిలుస్తాం. అందుకని నేను రుణపడినవాళ్లను కూడా వరసలతోనే తలుచుకుంటాను. ముందుగా బాకు, నన్ను నమ్మినందుకు, పుస్తకాన్ని నమ్మకపోయినా. గంజికీ ఉట్టికీ రెంటికీ కలిపి మా అత్తమ్మకు. ఆకులు ఊడదీసిన చేతులకు, మూట విప్పినందుకు కూడా, మా ఆయనకు. తల్లిని మెట్ల మీద పట్టుకుని నడిపించిన బా కొడుకు భాయికి. పుస్తకం గడువు దాటినా మూతపడిన రోజులు లెక్క కాదని చెప్పిన లైబ్రేరియన్ సాబ్‌కు. షెడ్డు నుంచి పోగుల చిక్కు ఇచ్చిన మేస్త్రీ బావకు. కంటి ఆసుపత్రిలో బా నల్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసిన నర్సు చెల్లెకు. పుప్పొడి ఇచ్చిన మొక్కను పెంచిన బా అన్నకు, ఆయన్ని నేను చూడలేదు. ఇక రెండో మొక్కను అమ్మిన తోపుడుబండి అన్నకు. ఆయన ఇప్పటికీ మా గల్లీకి వస్తాడు. ఈ సంగతి చెబితే నమ్మడు, ఏదైనా కొనమంటాడు.